అలిఫ్ పడిపోయిన అర్జీ

నిన్న వచ్చి వెళ్లాడు చూడు, బట్టతల ఆయన, ఒకప్పుడు నా క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని పల్లీలు నమిలేవాడు. ఇప్పుడు ఒక లా కాలేజీకి ప్రిన్సిపాల్. నా శిష్యులంతా కలిసి నా పేరు మీద ఒక పుస్తకం వేస్తారట. "మేడమ్, నేర న్యాయశాస్త్రంలోకి మిమ్మల్ని తీసుకొచ్చిన గ్రంథాల గురించి పది పేజీలు రాసివ్వండి" అని అడిగి, మీ అమ్మ పెట్టిన సకినాలు నాలుగు తిని వెళ్లాడు. ఈ కళ్లతో నేను పది పేజీలు రాయలేను. అందుకని నేను చెబుతాను, మనవరాలివి నువ్వు రాయి నీలిమా. నేను ఆగినప్పుడల్లా ఆ ఫోను చూసుకోకు. గ్రంథాలు తర్వాత చదివాను, చాలానే చదివాను. కానీ నన్ను ఇందులోకి తెచ్చింది మాత్రం సంగారెడ్డిలో మా ఇంటి ముందర గదిలో, చదువుకునే వయసులో నేను నా చేత్తో రాసిన ఒక అర్జీ. అది చెబితే పది పేజీలు సరిపోతాయి.

మా ఇల్లు కచేరీకి, అంటే కోర్టుకు, నాలుగు సందుల అవతల. మా బాపు పేరు విఠలయ్య. మా వైపు విఠలయ్యలు వీధికొకరు ఉంటారు కాబట్టి ఆయన్ని అర్జీ విఠలయ్య అనేవారు. జనానికి అర్జీలు రాసిపెట్టడం ఆయన పని. భూమి తగాదా, తప్పిపోయిన బర్రె, రావలసిన జీతం, అల్లుడి మీద ఫిర్యాదు, ఏదైనా సరే మనిషి నోటితో చెబితే బాపు కాగితం మీద పెట్టేవాడు. పొద్దున్నే స్నానం చేసి, ఏటవాలు మూత ఉన్న రాతపెట్టె ముందర మఠం వేసుకుని కూర్చుని, రెల్లు కలాలు చాకుతో చెక్కేవాడు. గదంతా సిరా వాసన, జిగురు వాసన, వర్షాకాలంలో పాత కాగితాల ముక్కిన వాసన. చాయ్ సాసర్‌లో పోసుకుని తాగితే తప్ప ఆయనకు చాయ్ తాగినట్టు ఉండేది కాదు. కచేరీకి వెళ్లే వేళకు నల్ల షేర్వానీ తొడుక్కునేవాడు. ఆ షేర్వానీ నిజాం కాలంలో కుట్టించినది. రాజ్యం పోయింది, భాష మారింది, కచేరీలో ఇంగ్లీషూ తెలుగూ వచ్చాయి, షేర్వానీ మాత్రం అదే. బాపుకు తెలుగు రాదని కాదు, బాగానే వచ్చు. కానీ ఆయన చెయ్యి ఉర్దూకు అలవాటు పడిన చెయ్యి. తెలుగు రాయమంటే అక్షరం అక్షరం దిద్దినట్టు రాసేవాడు. ఉర్దూ రాయమంటే కలం తనంతట తాను పరుగెత్తేది.

అమ్మకు చదువు లేదు. కానీ అర్జీ రాయించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషినీ ముందు ఆమే చూసేది. పల్లెల నుంచి పొద్దున సద్ది కూడా తినకుండా బయలుదేరి వచ్చేవాళ్లు. అమ్మ వాళ్లకి మొదట నీళ్లు ఇచ్చేది, తర్వాత ఒక జొన్నరొట్టె, మీద ఇంత తొక్కు. అది తిన్నాకే బాపు దగ్గరికి పంపేది. "కడుపుల బువ్వ వడనోడు చెప్పేది వేరే ఉంటది, వడ్డోడు చెప్పేది వేరే ఉంటది. రొండోదే రాయాలె" అనేది. మా ఇంట్లో అదొక రివాజు. నేను కాలేజీలో ఒప్పుకోలు గురించి, అంటే నేరం చేశానని మనిషి తనంతట తాను చెప్పే మాట గురించి పాఠం చెప్పేటప్పుడు, బలవంతం అంటే కొట్టడం ఒక్కటే కాదని మొదలుపెట్టి ఈ రొట్టె సంగతి చెప్పేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు. పరీక్షలో మాత్రం రాసేవాళ్లు.

అర్జీ ఎలా తయారయ్యేదో చెబుతాను, లేకపోతే తర్వాతది నీకు అర్థం కాదు. మనిషి చెబుతుంటే బాపు ఒక చిత్తు రాసేవాడు. దాన్ని చూసి శుభ్రంగా సాఫు నకలు రాయాలి. అడుగున ఎప్పుడూ ఒకే వాక్యం ఉండేది. తెలుగులో చెప్పాలంటే, "పై సంగతులు చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకొని నిశాని వేసినాడు". నిశాని అంటే బొటనవేలి ముద్ర. ఆ వాక్యం రాశాక బాపు కాగితం మొత్తం తెలుగులో చదివి వినిపించేవాడు. అవతలివాడు తల ఊపాక, వేలు సిరాలో అద్ది కాగితం మీద తానే పట్టుకుని నొక్కించేవాడు. నాకు ఉర్దూ బాపే నేర్పాడు. ఆయన కంట్లో పొర వచ్చాక సాఫు నకళ్లు రాసే పని నాకు పడింది. పీయూసీ పాసై, డిగ్రీలో చేరాలా వద్దా అని ఇంట్లో మాటలు నడుస్తున్న రోజులు. నా రాత ముత్యాల్లా ఉంటుందని కచేరీ గుమాస్తాలు అంటే బాపు ఆ మాట ఇంటికి మోసుకొచ్చి అమ్మకు చెప్పేవాడు.

అప్పుడే పటాన్‌చెరు రోడ్డు పొడుగునా ఒక్కొక్క ఫ్యాక్టరీ లేస్తోంది. నువ్వు ఇప్పుడు చూస్తున్న లారీలు, ఫ్లైఓవర్లు ఏవీ లేవు. జొన్న చేల మధ్యలో ఒక గోడ, గోడ వెనక ఒక పొగ గొట్టం. బస్సులో పోతుంటే ఒక చోట పచ్చి జొన్న వాసన, ఒక చోట ఏదో మందు వాసన. ఉద్యోగాల కోసం కోస్తా వైపు నుంచి వచ్చిన కుటుంబాలు సంగారెడ్డిలో ఇళ్లు కిరాయికి తీసుకునేవి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పొలం పని కొంత వదిలి ఫ్యాక్టరీలో హెల్పర్లుగా చేరేవాళ్లు. పాశమైలారం పోచయ్య అలా చేరినవాడే. రెండెకరాల చెలక తమ్ముడికి అప్పజెప్పి, ఒక ఫ్యాక్టరీలో సామాను మోసే పనికి కుదిరాడు. మనిషి పొడుగు, మాట ఇంకా పొడుగు.

ఒక రోజు మధ్యాహ్నం ఆయన మా గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ రొట్టె పెట్టింది. తిని, చేతులు కడుక్కుని, బాపు ముందర గొంతుక్కూర్చున్నాడు.

"అయ్యా, కంపిన్లకెల్లి ఎల్లగొట్టిండ్రు" అన్నాడు.

"ఏం చేసినవ్?"

"నేనేం చెయ్యలే. ఇత్తడి నల్లా ఒకటి పోయిందట. పోయిందట అంటే పోలే, దొరికింది. గోడ పొంటి నేను సద్ది తినే జాగల దొరికింది. గందుకని నేనే దాసిన్నంటున్నరు. గా జాగల కుక్క గూడ పంటది, దాన్ని గూడ అడుగుండ్రి అన్న. గంతే, పెద్దసారుకు కోపమొచ్చింది."

"నోరు జెర కాబూల పెట్టుకో పోచయ్యా. అర్జీల కుక్క వద్దు."

"వద్దంటే తీసెయ్యి. కుక్కకైతే కొలువు పోలే, నాకే పోయింది."

ఆ ఫ్యాక్టరీలో కూలీల వ్యవహారం చూసే ఆఫీసరు పాత హైదరాబాదీ, ఉర్దూ చదువుతాడని పోచయ్యే చెప్పాడు. అందుకని అర్జీ ఉర్దూలో రాయాలనుకున్నాం. ఆ రోజు బాపు రెండు గంటలకు కచేరీలో ఉండాలి. పోచయ్యకు పటాన్‌చెరు బస్సు కూడా అప్పుడే. చిత్తు రాసే తీరిక లేదు. "నువ్వే సీదా సాఫు రాయి అన్సూయా. ఆయన ఏమంటున్నడో గదే రాయి, నీ కవిత్వం పెట్టకు" అన్నాడు బాపు, షేర్వానీ తొడుక్కుంటూ. పోచయ్య చెప్పాడు, నేను రాశాను. మూడేండ్ల నుంచి ఈ కంపెనీలో ములాజింని, అంటే ఉద్యోగిని. ఇప్పటిదాకా ఎవరూ నన్ను పట్టింది లేదు, మాట అన్నది లేదు. ఈసారికి మాఫ్ చేసి పనిలోకి తీసుకోవాలి. మాఫ్ చేయమనడం ఏ అర్జీకైనా చివర ఉండే మర్యాద, మనం ఉత్తరం చివర నమస్కారం పెట్టినట్టు. అడుగున ఆ అలవాటు వాక్యం కూడా రాసేశాను. పోచయ్య వేలు చాపాడు. బాపు ఒక చేత్తో గుండీలు పెట్టుకుంటూ ఇంకో చేత్తో ఆ వేలు పట్టి నొక్కించాడు. ఇద్దరూ చెరో దిక్కు పరుగెత్తారు.

కొన్ని వారాలు గడిచాయి. పోచయ్య మళ్లీ రాలేదు. పని దొరికిందేమో అనుకున్నాం. ఒక ఆదివారం పొద్దున రంగారావు వకీలు గారు మా ఇంటికి వచ్చారు. బాపుకు పాత స్నేహితుడు, పేదవాళ్ల కేసులు పట్టి తాను కూడా పేదగానే ఉండిపోయిన మనిషి. చేతిలో రెండు కాగితాలు, ఒకటి ఉర్దూ, ఒకటి ఇంగ్లీషు టైపు.

"విఠల్, గీ చెయ్యి ఎవరిది?" అన్నారు.

బాపు కాగితాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని చూశాడు. "మా అన్సూయది."

"మంచిగ రాసింది. ఇంగ్లీషుల ఏం చేసిండ్రో విను" అని వకీలు గారు ఆ టైపు కాగితాన్ని తెలుగులో చెప్పారు. "మూడు సంవత్సరాలుగా నేను ఈ కంపెనీలో దోషిని. ఇప్పటి వరకు నన్ను ఎవరూ పట్టుకోలేదు. ఈ ఒక్కసారి క్షమించి పనిలోకి తీసుకోవలెను."

వంటింట్లో నుంచి అమ్మ పగలబడి నవ్వింది. "మూడేండ్ల సంది దొంగతనం చేసుకుంట, దొరకలే అని అర్జీ పెట్టుకున్నడా? అంత మంచి దొంగ ఏడుంటడు?" మేమెవరం నవ్వలేదని కాసేపటికి ఆమెకు తెలిసింది.

ఏం జరిగిందంటే, ఆ పాత హైదరాబాదీ ఆఫీసరు అదే వారం బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయనకు ఉర్దూ రాదు. ఎవరో అక్షరం అక్షరం కూడబలుక్కుని ఇంగ్లీషు చేశారు. ములాజిం అంటే ఉద్యోగి. ముల్జిం అంటే నేరం మోపబడినవాడు. ఉర్దూలో ఆ రెండింటికీ తేడా ఒక్క అలిఫ్, అంటే ఒక నిలువు గీత. నేను రాసినదాంట్లో ఆ గీత లేదు. ముల్జిం అని ఉంది. ముల్జింని చదివినాయన ఇంకో అడుగు వేసి దోషిని చేశాడు. దోషికి ముజ్రిం అని ఇంకో మాట ఉంది. నేను ప్రతి సంవత్సరం మొదటి పాఠంలో ఈ మూడు మాటలూ బోర్డు మీద రాసేదాన్ని. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఒక గీత, రెండోదానికీ మూడోదానికీ మధ్య ఒక కోర్టు ఉండాలి అని చెప్పేదాన్ని. పోచయ్య విషయంలో గీతా లేదు, కోర్టు రాకముందే దోషి అయ్యాడు. ఫిర్యాదు పోలీసులకు వెళ్లింది, జామీను ఇచ్చేవాళ్లు లేక ఆయన జైల్లో ఉన్నాడు, ఆయన తరఫున రంగారావు గారు కేసు పట్టారు.

"పోలీసులకు ఒప్పుకుంటే కచేరీల చెల్లదు. చట్టమే చెల్లదంటది" అని వకీలు గారు నాకు అర్థమయ్యేటట్టు నెమ్మదిగా చెప్పారు. "కాని మాలికుకు తనంతట తాను రాసిచ్చుకున్నది చెల్లుతది. అన్సూయా, వాళ్ల దగ్గర ఇంకో సాక్ష్యం లేదు బిడ్డా. గోడ, గోడ పక్క నల్లా, గీ కాగితం. గీ కాగితం నిలబడితే పోచయ్య పోయినట్టే."

"అలిఫ్ పోయిందని నేను చెప్త గద" అన్నాడు బాపు.

"చెప్పు. అటు వకీలు ఊకుంటడా? కింద ఏం రాసి ఉన్నది? చదివి వినిపించగా ఒప్పుకున్నడని ఉన్నది. వినిపించినవా?"

బాపు కాగితం అంచును వేలితో సాపు చేశాడు. నేను గోడ వైపు చూశాను.

"వినిపించినవంటే, ముల్జిం అని విని ఒప్పుకున్నడంటరు, కాగితం నిలబడ్తది. వినిపించలేదంటే కాగితం పడ్తది. కాని విఠల్, దాంతోటి నీ గిరాకీ గూడ పడ్తది. గిన్నేండ్ల సంది రాసిన ప్రతి అర్జీ కింద అదే వాక్యం ఉన్నది."

అమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ములాజిం అనే చదివి వినిపించిన అనరాదు? ఆయన బతుకుతడు, మీరూ బతుకుతరు. ఎవడు కాదంటడు?"

వకీలు గారు రెండు చెవులూ మూసుకున్నారు. "వదినా, నేను గిది విన్లే. నాకు జెర చాయ్ పొయ్యి."

ఆ రెండు మూడు రోజులు మా ఇల్లు ఎలా ఉందో చెప్పలేను. బాపు కలాలు చెక్కుతూనే ఉన్నాడు, రాసేది తక్కువ, చెక్కేది ఎక్కువ. పోచయ్య భార్య సాయవ్వ ఒక పూట వచ్చింది. కాపాడమని అడగలేదు, ఏడవలేదు. అమ్మ చేట ముందర పెట్టుకుని బియ్యం ఏరుతుంటే, తాను కూడా పక్కన కూర్చుని రాళ్లు ఏరింది. లేచి వెళ్లేటప్పుడు నన్ను చూసి, "నువ్వేనా రాసేది? మా ఆయన చెప్పిండు, పిల్ల మస్తు జల్దీ రాస్తదని" అంది. నన్ను మెచ్చుకుంటోందనే అనుకుందామె. నేను లోపలికి వెళ్లి బియ్యం బస్తా మీద కూర్చుని ఏడ్చాను. తొందరలో నా చెయ్యి జారి ఒక గీత పోయింది, ఒక మనిషి జైల్లో ఉన్నాడు. నాకు అప్పుడు అంతే తెలుసు.

మరునాడు బాపు అన్నం తింటూ, "అన్సూయా, కచేరీకి నువ్వు గూడ రావాలె. రాసింది నువ్వు" అన్నాడు.

"పెండ్లి గాని పిల్లను తీస్కపోయి బోనుల నిలవెడ్తవా?" అని అమ్మ గిన్నె ఠపీమని పెట్టింది.

"బోనుల నిలవడ్డోళ్లంత దొంగలే అయితే రంగారావు ఏం తిని బతకాలె?" అన్నాడు బాపు. అన్నం కలుపుకుంటూ, "నేను వినిపించలేదనే చెప్త" అన్నాడు. అమ్మ ఆయన కంచంలో ఇంకొంచెం పచ్చిపులుసు పోసింది.

కచేరీలో ముందు బాపును పిలిచారు. షేర్వానీ వేసుకునే వెళ్లాడు. ఎన్నో ఏళ్లుగా ఆ గడప ముందర కూర్చుని ఊరందరికీ రాసిపెట్టిన మనిషి బోనులో ఎలా నిలబడాలో తెలియక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చివరికి వెనక్కి కట్టుకున్నాడు. సర్కారు వకీలు వయసులో చిన్నవాడు, మర్యాదగానే అడిగాడు.

"విఠలయ్య గారూ, అర్జీ కింద మీరు ఎప్పుడూ ఇదే వాక్యం రాస్తారు గదా? అన్నీ చదివి వినిపిస్తారా?"

"శానా మటుకు వినిపిస్త."

"ఇది?"

"ఇది వినిపించలే."

"అయితే వినిపించగా ఒప్పుకున్నాడన్న ఈ మాట అబద్ధమా?"

బయట వరండాలో అర్జీలు రాయించుకోవడానికి వచ్చిన జనం కిటికీల దగ్గర నిలబడి ఉన్నారు. బాపు వాళ్లను చూశాడు. "అబద్ధమే" అన్నాడు.

తర్వాత నన్ను పిలిచారు. రాత నాదేనని గట్టిగానే చెప్పాను. సర్కారు వకీలు అర్జీ నా చేతికిచ్చి పైకి చదవమన్నాడు. చదివాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి "ములాజిం" అని చదివాను. అక్కడ అలిఫ్ లేదని నాకు తెలుసు, వారం రోజులుగా ఆ గీత తప్ప ఇంకోటి తలచుకోలేదు, అయినా నా కన్ను దానంతట అది గీతను పెట్టేసింది. ఆయన నవ్వాడు. "రాసింది చదువమ్మా, అనుకున్నది కాదు" అన్నాడు. తర్వాత నేను ఎన్ని సాక్ష్యాలు చదివానో, ఎన్ని తీర్పులు విప్పి చూశానో. ప్రతిసారీ ఆ మాట వినపడేది. మళ్లీ చదివాను. "ముల్జిం."

"తొందరల చెయ్యి జారింది" అన్నాను.

అప్పుడు మేజిస్ట్రేటు గారు, అప్పటిదాకా రాసుకుంటూ ఉన్నాయన, తలెత్తి పోచయ్యను చూశారు. ఆయన కూడా ఈ ప్రాంతం మనిషే, ఉర్దూ చదువుకున్నవాడే.

"ఏం పోచయ్యా, నువ్వు ఏం పని చేస్తవు?"

"ముల్జింను దొరా" అన్నాడు పోచయ్య.

రంగారావు గారు తల పట్టుకున్నారు.

"దేంట్ల ముల్జింవు?"

"కంపిన్ల దొరా. మూడేండ్ల సంది."

"మీ ఊర్ల ఇంకెవరన్న ముల్జింలు ఉన్నరా?"

"మస్తుమంది ఉన్నరు దొరా. నేను ప్రైవేటు ముల్జింను. మా పట్వారి కొడుకైతే సర్కారు ముల్జిం, పోస్టాఫీసుల. ఆయనకు పించిని గూడ వస్తది."

జవాను కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను, నాకు అప్పుడే వెలిగింది. నా చెయ్యి జారలేదు. బాపు చెప్పినట్టు ఆయన ఏమంటే అదే రాశాను. మా వైపు ఊళ్లలో ఎవరి నోట్లోనూ ఆ మాటలో అలిఫ్ పలకదు. నాలుకే మింగేస్తుంది. నేను పోచయ్య నోటిని సరిగ్గా రాశాను, పోచయ్య మనసులో ఉన్నది రాయలేదు. ఎవరైనా ఒక్కసారి చదివి, "మూడేండ్ల నుంచి నౌకరీ చేస్తున్నా అని ఉంది, సరేనా?" అని తెలుగులో అడిగి ఉంటే, ఆ నిమిషంలోనే గీత వచ్చి కూర్చునేది. ఆ చదవడం అందుకే ఉందని నాకు ఆ పూట అర్థమైంది.

ఆ కాగితాన్ని లెక్కలోకి తీసుకోలేనని మేజిస్ట్రేటు గారు రాశారు. మిగిలిన సాక్ష్యం ఒక గోడ, దాని పక్కన ఒక నల్లా. పోచయ్యను వదిలేశారు. ఫ్యాక్టరీ మాత్రం మళ్లీ పనిలోకి తీసుకోలేదు. కొన్నాళ్లు తమ్ముడి దగ్గర చెలకలో చేసి, తర్వాత ఇంకో చోట గేటు దగ్గర కుదిరాడని విన్నాం. "కేసు గెలిచిన, కొలువు ఓడిన" అని బొంతపల్లి వీరన్న జాతరలో కనపడి బాపుతో నవ్వుతూ అన్నాడట.

వకీలు గారు చెప్పినట్టే బాపు గిరాకీ పడిపోయింది. కొన్ని నెలలు మా ఇంట్లో రొట్టెలు ఎక్కువ, తినేవాళ్లు తక్కువ. తర్వాత మెల్లగా రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు మునుపటిలా వేలు చాపేవాళ్లు కాదు. చెయ్యి వెనక్కి పెట్టుకుని, "ముందుగాల చదువు అయ్యా, ఇన్న తర్వాతనే నిశాని" అనేవాళ్లు. కొందరు రెండుసార్లు చదివించుకునేవాళ్లు. ఒక ముసలమ్మ తనది కాక పక్కవాడి అర్జీ కూడా చదివించుకుంది. రోజుకు పది రాసే చోట నాలుగు రాసేవాడు బాపు. "మంచిగైంది, గిప్పుడు మాటలే ఎక్కువ, రాత తక్కువ" అని అమ్మ సణిగేది. రంగారావు గారు మా ఇంటికి వచ్చినప్పుడల్లా, "విఠల్, పిల్లను లా చదివియ్యి" అని పోరు పెట్టేవారు. డిగ్రీ అయ్యాక హైదరాబాదు పంపించారు. క్లాసులో ఆడపిల్లలం వేళ్ల మీద లెక్క. అక్కడే పట్టా, అక్కడే పెద్ద చదువు, తర్వాత అక్కడే లెక్చరర్ని. ఈ భాగం ప్రిన్సిపాల్ గారికి తెలుసు, సాగదీయను.

పెద్ద చదువులో ఒక విషయం మీద సిద్ధాంత వ్యాసం రాయాలి. నా తోటివాళ్లు హత్య, ఉరిశిక్ష, ఆత్మరక్షణ అని పెద్ద పెద్ద విషయాలు పట్టుకున్నారు. నేను వాంగ్మూలాన్ని చదివి వినిపించడం గురించి రాస్తానన్నాను. మా ప్రొఫెసరు గారు కళ్లజోడు పైకి తోసుకుని, "అమ్మా, ఇది నేర శాస్త్రమా, గుమాస్తా శాస్త్రమా?" అన్నారు. గుమాస్తా దగ్గరే మొదలవుతుంది సార్ అన్నాను. చివరికి, "రాయి. కానీ తీర్పులు చూపించాలి" అన్నారు. పోచయ్య కేసు ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు, కింది కచేరీల తీర్పులు ఎవరు అచ్చు వేస్తారు? అందుకని ఎక్కడెక్కడివో పెద్ద తీర్పులు వెతికి పేర్చాను. అయినా పోచయ్యది లేకుండా నా వ్యాసానికి వెన్నెముక లేదు. పేర్లు లేకుండా, ఒక జిల్లాలో ఒక అర్జీ రచయిత అని, ఒక అధ్యాయంగా పెట్టాను.

ఇప్పుడు నువ్వు కారులో పాశమైలారం మీదుగా పోతావు కదా, ఆ గేట్ల దగ్గర నిలబడే పిల్లలను చూశావా? ఒడిశా వాళ్లు, బీహారు వాళ్లు. పోయినేడు నేను అక్కడ కూలీలకు చట్టం చెప్పే మీటింగుకు వెళ్లాను. ఒక కుర్రవాడు నాకు తన ఫోను చూపించాడు. చేరేటప్పుడు దాంట్లో ఏదో ఇంగ్లీషు కాగితం వచ్చిందట, కింద పెట్టెలో టిక్కు పెట్టమన్నారట. "నేను ఇది చదివి అర్థం చేసుకున్నాను" అని ఉంది. ఏముందిరా దాంట్లో అని హిందీలో అడిగితే, "పతా నహీ మేడమ్, సబ్ నే దబాయా" అన్నాడు. అందరూ నొక్కారు, తనూ నొక్కాడు. అప్పుడు వేలు సిరాలో ముంచేవాళ్లం, ఇప్పుడు సిరా కూడా అక్కర్లేదు. మా కాలమే మంచిదని అనను. మా కాలంలో కూడా బస్సు టైమైతే చదివేవాళ్లం కాదు. తేడా ఏమిటంటే, ఆ వేలు పట్టుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషిని బోనులో నిలబెట్టి, వినిపించావా లేదా అని అడగొచ్చు. ఈ పెట్టెను ఎవరు అడుగుతారు? ఇది రాసుకో, పుస్తకంలో వెయ్యమను.

మళ్లీ ఆ వ్యాసం దగ్గరికి వస్తాను. టైపు అయ్యాక, కాలేజీలో ఇచ్చే ముందు సంగారెడ్డి తీసుకెళ్లాను. బాపుకు అప్పటికి చూపు బాగా తగ్గింది. రాతపెట్టె మూసి ఉంది, దాని మీద అమ్మ పప్పు డబ్బాలు పెట్టింది. "నీ గురించి ఉంది బాపు. నీ పేరు లేదు, కానీ తెలిసినవాళ్లకు తెలుస్తుంది. నువ్వు వద్దంటే ఆ అధ్యాయం తీసేస్తా" అన్నాను. ఆ అధ్యాయం తీస్తే ఏం మిగులుతుందో నాకు తెలుసు, ఆయనకు తెలియదు. చదవమన్నాడు. ఇంగ్లీషులో ఉన్నది వాక్యం వాక్యం తెలుగు చేసి చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. అమ్మ కూడా పని ఆపి వచ్చి కూర్చుంది. అర్జీ రాసిన రోజు దగ్గరికి వచ్చాను.

"గీడ ఆగు" అన్నాడు బాపు. "ఏమన్నవ్? మల్ల చదువు."

"లేఖకుడు తొందరలో చదివి వినిపించడం మరిచిపోయాడు" అని మళ్లీ చదివాను. ఆ ఒక్క మాట నేను ఆయన కోసం పెట్టాను. మరిచిపోవడం ఎవరికైనా ఉంటుంది కదా అనుకున్నాను.

"మర్చిపోలే బిడ్డా" అన్నాడు. "నాకు యాదికుండె. వేలు పట్టుకున్నప్పుడు గూడ యాదికుండె. కచేరీకి పొద్దు పోతదని చదవలే. మర్చిపోవుడు వేరే, చదవకపోవుడు వేరే. నువ్వు చట్టం చదువుకున్నవ్, నీకు తెల్వదా? కొట్టెయ్యి."

మనిషి చేసిన పనికీ, చేసేటప్పుడు వాడి మనసులో ఉన్నదానికీ ఉన్న లంకె మీద ఏడాది పొడుగునా పుస్తకాలు చదివి వచ్చిన దాన్ని నేను. సంచిలో కలం తీశాను. టైపు చేసిన మాట మీద గీత కొట్టి, పైన చేత్తో ఇంగ్లీషులో రాసి, తెలుగులో చెప్పాను. "తెలిసే, వినిపించలేదు."

"ఆ, గట్ల. మిగిలింది చదువు" అన్నాడు.

చివరి దాకా చదివాను. విన్నాడు. సరే అన్నాడు.